కొండనాలుక లెక్క

మా బావమరిదికి పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలి ఏడాది దాటింది. ఆపరేషన్ చేయించుకోమని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. వాడు ఒప్పుకోడు. కత్తికి భయం లేదంటాడు, మత్తుకే భయమట. ఆ భయం 1998 నాటిది. దానికి నేనూ కొంత బాధ్యుణ్ణి. అందుకే ఈ వ్యాసం.

1998 లో వాడికి హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. స్ట్రెచర్ మీద బయటికి తెచ్చాక చాలాసేపు వాడు కళ్లు తెరవలేదు, చెయ్యి కదల్చలేదు. ఛాతీ మాత్రం పైకీ కిందికీ ఆడుతోంది. మత్తు దిగలేదని అందరం అనుకున్నాం. ఆ సాయంత్రం వాడు చెప్పిన మాట వేరు. "బావా, నాకు మెలకువ వచ్చేసింది. నర్సు మాటలు విన్నాను, మా అమ్మ ఏడుపు విన్నాను. రెప్ప ఎత్తుదామంటే లేవదు. ఉమ్మి మింగుదామంటే గొంతు కదలదు. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది. చచ్చిపోయి అన్నీ వింటున్నాననుకున్నాను."

మా అత్తగారు ఆపరేషన్ గదిలో ఏదో గాలి సోకిందని తేల్చేశారు. బర్మామైన్స్ వైపు నుంచి ఒక ఓఝాని పిలిపించారు. నిమ్మకాయలు, ధూపం, 251 రూపాయల దక్షిణ అన్నీ అయ్యాయి. నేను హేతువాదిని కదా, ఆవిడతో గట్టిగా వాదించాను. దయ్యమూ లేదు, గాలీ లేదు, అంతా మత్తులో కలిగిన భ్రమ, వీడు కల కన్నాడు అన్నాను. వాడు నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆ చూపు అర్థం కావడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

దయ్యం లేదన్నది నిజమే. భ్రమ అన్నదే తప్పు. వాడు చెప్పింది అక్షరాలా జరిగిన సంగతి. దానికి వైద్యంలో పేరుంది, కొలత ఉంది, చరిత్ర ఉంది. నేను బి.కాం. చదివి రక్షణ శాఖ పద్దుల్లో ముప్పై ఏళ్లకు పైగా వోచర్లు చూసినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అంకెలు ఎక్కడ కలవలేదో వెతకడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఈ చరిత్రనూ అలాగే చదివాను. అందులో మన హైదరాబాదూ, మన గుంటూరూ తగులుతాయని మాత్రం ముందు ఊహించలేదు.

1846 అక్టోబరు 16న బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ మత్తును నలుగురి ముందు చూపించాడు. మరుసటి ఏడాది నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాం మొదలుపెట్టాడు. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయికి కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. నిమిషాల్లో చనిపోయింది. అప్పటినుంచి అరవై ఏళ్ల పైచిలుకు ఒకే తగువు. క్లోరోఫాం మనిషిని ఊపిరి ఆపి చంపుతుందా, గుండె ఆపి చంపుతుందా?

ఇది పండితుల కాలక్షేపం కాదు. మత్తు ఇచ్చేవాడి కన్ను ఎక్కడ ఉండాలన్నది దీని మీదే ఆధారపడుతుంది. లండన్ వాళ్లు నాడి పట్టుకు కూర్చోమన్నారు. ఎడింబరోలో సైమ్ శిష్యులు నాడి వదిలెయ్యండి, ఊపిరి చూడండి, నాలుక వెనక్కి పడకుండా చూసుకోండి అన్నారు. ఆ శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. 1880 లలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా, అక్కడి వైద్య పాఠశాలకు ప్రధానాధికారిగా వచ్చాడు. గురువు మాటే వేదం అనుకున్న మనిషి. కానీ వేదం అని ఊరుకోకుండా పరీక్షకు పెట్టాడు.

1888 లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ జరిగింది. వీధికుక్కలకు క్లోరోఫాం ఇచ్చి ఏది ముందు ఆగుతుందో చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది, గుండె తర్వాత ఆగింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దీన్ని నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇస్తాను, మీ మనిషినే పంపి మళ్లీ చేయించుకోండి అన్నాడు. లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ని పంపింది. క్లోరోఫాం గుండెని కూడా నేరుగా ఆపగలదనే అభిప్రాయంతో బయలుదేరిన శాస్త్రవేత్త ఆయన. మన పద్దుల భాషలో చెప్పాలంటే, అభ్యంతరం రాసిన ఆడిటరునే పిలిచి గిడ్డంగి తాళాలు చేతిలో పెట్టడం. ఇంత మర్యాద గల వాదన మన టీవీ చర్చల్లో నేనెప్పుడూ చూడలేదు.

1889 చివర్లో బ్రంటన్ హైదరాబాదు నుంచి టెలిగ్రాం కొట్టాడు. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద పరీక్షించాం, 120 ప్రయోగాల్లో రక్తపోటు గీతలు కూడా తీశాం, ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్లా మోతాదు మించడం వల్లా వచ్చేదే, గుండె మీద నేరుగా ఏమీ లేదు అని దాని సారాంశం. వచ్చిన మనిషి తన అభిప్రాయం మార్చుకుని వెళ్లాడు. హేతువాద కథగా ఇక్కడితో ఆపేస్తే ఎంతో బాగుంటుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు కూడా.

కానీ మనుషులు చనిపోవడం ఆగలేదు. ఊపిరి బాగానే ఉండగా హఠాత్తుగా గుండె ఆగిన కేసులు వస్తూనే ఉన్నాయి. 1911 లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి అసలు సంగతి పట్టుకున్నాడు. క్లోరోఫాం మత్తు తేలికగా ఉన్నప్పుడు, శరీరంలో అడ్రినలిన్ ఎగజిమ్మితే, గుండె కండరం లయ తప్పి వణికి ఆగిపోతుంది. భయంతో ఉన్న రోగికి మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందు జరిగేది ఇదే. హైదరాబాదులో ఎక్కువగా మత్తు లోతుగా ఎక్కించి, ఊపిరి ఆగేదాకా చూశారు. తేలికపాటి మత్తులో పొంచి ఉన్న ప్రమాదం అక్కడ కనిపించే అవకాశమే తక్కువ. 490 కాదు, 4,900 జంతువులు వాడినా అదే జవాబు వచ్చేది. నమూనా పెద్దదైతే చాలనుకునే మనబోటి వాళ్లు ఈ కథ గోడకి రాసుకోవాలి. అంకెల్లో దొంగతనం లేదు, గీతల్లో మోసం లేదు, ఆడిటరు కూడా నిజాయితీపరుడే. అడిగిన ప్రశ్నే ఇరుకు.

అయినా లారీ ఇచ్చిన అలవాటు మంచిది. ఊపిరి చూడు, దవడ ముందుకు పట్టు, దారి తెరిచి ఉంచు. ఆ రోజుల్లో హైదరాబాదులో క్లోరోఫాం ఇవ్వడం నేర్చుకున్నవారిలో రూపాబాయి ఫర్దూన్జీ ఉన్నారు. పార్సీ మహిళ. హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన మొదటి విద్యార్థినుల్లో ఒకరు, 1889 లో పట్టా తీసుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు నేనైతే చూడలేదు.

ఇప్పుడు దక్షిణ అమెరికాకి వెళ్లాలి. అక్కడి అడవి మనుషులు బాణాలకు పూసే విషం క్యురారె. అది నరానికీ కండరానికీ మధ్య కబురు అందకుండా చేస్తుందని 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్ చూపించాడు. 1942 జనవరి 23న కెనడాలో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు ఒక అపెండిక్స్ రోగికి మత్తుతో పాటు దాన్ని ఇచ్చారు. పొట్ట కండరాలు మెత్తగా వదులయ్యాయి. అంతకు ముందు పొట్ట వదులు కావాలంటే ఈథర్‌ని ప్రమాదపు అంచుదాకా ఎక్కించాల్సి వచ్చేది. ఈ ఘనకార్యం జరిగిన చోటు పేరు హోమియోపతిక్ హాస్పిటల్ ఆఫ్ మాంట్రియల్! మన హోమియో మిత్రులు సంబరపడేలోపు ఒక మాట: ఆ రోజు సూదిలో ఎక్కించింది నిజమైన మందు, కొలవగలిగిన మోతాదులో.

క్యురారెతో రెండు చిక్కులు వచ్చాయి. పొట్ట కండరాలతో పాటు ఊపిరి పీల్చే కండరాలూ వదులవుతాయి, కాబట్టి రోగికి మనమే ఊపిరి ఊదాలి, గొంతులోకి గొట్టం వెయ్యాలి. నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం వేసి మత్తు ఇవ్వడం 1878 లో గ్లాస్గోలో మెక్యువెన్ చేసి చూపించినా, ప్రతి పెద్ద ఆపరేషన్‌లో మామూలు పని కావడానికి ఈ మందే కారణం. కండరాలు పడుకోబెట్టడం, గాలిదారి కాపాడటం విడదీయరాని జంట అయ్యాయి.

రెండో చిక్కు మా బావమరిదిది. క్యురారె కండరాన్ని పడుకోబెడుతుంది కానీ మనసుని పడుకోబెట్టదు. కొందరు డాక్టర్లు మొదట్లో ఇది కూడా మత్తే అనుకున్నారు. అమెరికాలో స్కాట్ స్మిత్ అనే డాక్టరు తనకు తానే ప్రయోగానికి పడుకున్నాడు. వేరే మత్తేమీ లేకుండా, మామూలుకు మించిన మోతాదులో క్యురారె ఎక్కించుకున్నాడు. ఫలితం 1947 లో అచ్చయింది. వేలు కూడా కదల్చలేని స్థితిలో ఆయనకు ఒక్క క్షణం తెలివి తప్పలేదు, నొప్పి తెలిసింది, మాటలన్నీ వినిపించాయి. ఆక్సిజన్ చాలినంత అందుతున్నా ఊపిరి చాలనట్టే అనిపించింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్మిత్ చెప్పినదానికీ మావాడు చెప్పినదానికీ తేడా ఎక్కడుంది? స్మిత్‌ని ఎవరూ కల కన్నావనలేదు.

1954 లో బోస్టన్‌లో బీచర్, టాడ్ ఒక పెద్ద లెక్క వేశారు. ప్లసీబో మీద రాసిన బీచరే ఈయన, మన వ్యాసాల్లో తరచు తగిలే పేరు. పది ఆసుపత్రుల్లో 1948 నుంచి 1952 వరకు జరిగిన 5,99,548 మత్తుల లెక్క. కండరాలు వదులుచేసే మందు వాడనప్పుడు మత్తు వల్ల మరణం 2,100 మందిలో ఒకటి. వాడినప్పుడు 370 లో ఒకటి. సుమారు ఆరు రెట్లు. మందులోనే ఏదో విషగుణం ఉందని వాళ్లు అనుమానించారు. మత్తు డాక్టర్లు మండిపడ్డారు. ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్లకే ఆ మందు వాడారేమో అన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి, న్యాయమైన ప్రశ్నే. ఇప్పటి అవగాహన ప్రకారం పెద్ద నేరస్తుడు విషగుణం కాదు. ఆపరేషన్ అయ్యాక మందు ప్రభావం మిగిలి ఉండగానే రోగిని తన ఊపిరి తాను పీల్చుకోమని వదిలెయ్యడం. అంకె సరైనదే, దాని పక్కన రాసిన వివరణే తప్పు. నా ఉద్యోగంలో ఇలాంటివి ఎన్ని చూశానో.

అయితే మందు పూర్తిగా దిగిందని ఎలా తెలియాలి? తల ఎత్తు, చెయ్యి పిండు, నాలుక చాపు అని అడగడమే చాలాకాలం పద్ధతి. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు తాకించి బొటనవేలు అదరడం చూసే పరికరాలు 1950 ల చివర్లో వచ్చాయి. 1970 లో లివర్‌పూల్‌లో అలీ, అట్టింగ్, గ్రే ఒక తెలివైన ఉపాయం చెప్పారు. అర సెకను ఎడంతో వరసగా నాలుగు తాకిడులు. మందు మిగిలి ఉంటే మొదటిసారి వేలు గట్టిగా అదురుతుంది, నాలుగోసారికి నీరసిస్తుంది. నాలుగోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. ఇందులో అందం ఏమిటంటే, రోగి మామూలు బలం ఎంతో ముందుగా తెలియక్కర్లేదు. వాడి కొలబద్ద వాడి దగ్గరే ఉంది. దీన్ని ట్రైన్ ఆఫ్ ఫోర్ అంటారు.

మొదట్లో ఆ భాగఫలం 0.7 ఉంటే చాలనుకున్నారు. 1979 లో కోపెన్‌హేగన్‌లో విబీ-మోగెన్సెన్ బృందం, ఆపరేషన్ అయి బయటికి వచ్చేసిన 72 మందిని కొలిచింది. 42 శాతం మందికి ఆ 0.7 కూడా రాలేదు. వాళ్లంతా బాగానే ఉన్నారని డాక్టర్లు అనుకుని పంపినవాళ్లే. ఇంకో సంగతి కూడా తేలింది. భాగఫలం 0.4 దాటితే, వేలు అదరడంలో నీరసాన్ని అనుభవజ్ఞుడైన డాక్టరు కూడా కంటితో, చేత్తో పట్టుకోవడం కష్టం. కంటికి సరిపోయినట్టే ఉంటుంది, లెక్కకి సగం కూడా రాకపోవచ్చు. తర్వాత 1990 లలో స్వీడన్‌లో వాలంటీర్ల మీద చేసిన పరీక్షల్లో, 0.9 కన్నా తక్కువ ఉంటే మింగే కండరాలు సరిగా పనిచెయ్యవని, మింగింది దారి తప్పుతుందని చూశారు. ఇప్పుడు హద్దు 0.9. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2023 లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ అంకెని పరికరంతో కొలిచాకే గొట్టం తియ్యమంటాయి, కంటి అంచనా మీద కాదు.

ఊపిరికి ముఖ్యమైన డయాఫ్రం త్వరగా కోలుకుంటుంది, గొంతు కండరాలు ఆలస్యం. మావాడి ఛాతీ ఆడింది, గొంతు కదలలేదు. ఇరవై ఏడేళ్ల కిందటి వోచరుకి ఇప్పుడు సరైన పద్దు దొరికింది.

ఇక గుంటూరు. మత్తు ఇచ్చి, కండరాలు పడుకోబెట్టి, తీరా గొట్టం వెయ్యబోతే దారి కనిపించకపోతే? రోగి తన ఊపిరి తాను పీల్చుకోలేడు. డాక్టరు చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలు. ఈ ఆపద ముందే పసిగట్టే తేలిక మార్గం చెప్పినవాడు మల్లంపాటి శేషగిరిరావు. గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో పనిచేసిన మత్తు వైద్యుడు. ప్రపంచంలో ఏ మూల ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టరు నోరు తెరిచి నాలుక చాపమని, కాగితం మీద ఒక అంకె వేస్తాడు. దాని పేరు మల్లంపాటి స్కోరు. అది తెలుగు ఇంటిపేరని వేస్తున్నవాళ్లలో చాలామందికి తెలియదు.

1983 లో కెనడా మత్తు డాక్టర్ల పత్రికలో ఆయన చిన్న ఉత్తరం రాశారు. నాలుక మొదలు పెద్దదై కొండనాలుకని కప్పేస్తే, గొట్టం వెయ్యడం కష్టం కావచ్చని. ఆ ఉత్తరం శీర్షికలోనే పరికల్పన అని స్పష్టంగా పెట్టారు. ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఊహని ఊహ అని రాసి, తర్వాత పరీక్షకు పెట్టడం. 1985 లో అదే పత్రికలో పరీక్ష ఫలితం వచ్చింది. మొత్తం 210 మంది. కొండనాలుక, మెత్తని అంగిలి, పక్క మడతలు అన్నీ కనిపిస్తే ఒకటో తరగతి. కొండనాలుక నాలుక చాటున పడితే రెండు. మెత్తని అంగిలి ఒక్కటే కనిపిస్తే మూడు. ఆ తర్వాత మత్తులో గొంతు లోపల ఎంత కనిపించిందో రాసుకున్నారు.

ఒకటో తరగతి 155 మంది, ఒక్కరికీ ఇబ్బంది లేదు. మూడో తరగతి 15 మంది, అందులో 14 మందికి స్వరపేటిక ద్వారం కనిపించలేదు. ఎంత బలమైన ఫలితం! కానీ మధ్య వరస చదవండి. రెండో తరగతి 40 మంది, అందులోనూ 14 మందికి కనిపించలేదు. అంటే కష్టమైనవాళ్లు మొత్తం 28. మూడో తరగతినే ఎర్రజెండాగా తీసుకుంటే సగం మందే దొరుకుతారు. రెండునూ కలిపి జెండా ఎత్తితే 28 మందీ దొరుకుతారు, కానీ ఏ ఇబ్బందీ లేని 27 మందికి కూడా జెండా ఎత్తినట్టే. ఇది ఆయన దాచింది కాదు, పట్టికలోనే ఉంది. చదివేవాళ్లు మొదటి, చివరి వరసలు చూసి మురిసిపోయారు.

1987 లో శాంసూన్, యంగ్ నాలుగో తరగతి చేర్చారు. తర్వాత పరీక్షలు వేలు, లక్షలకు పెరిగాయి. 2018 లో కాక్రేన్ వాళ్లు 133 అధ్యయనాలు, 8,44,206 మంది లెక్కలు కలిపి చూస్తే, సవరించిన మల్లంపాటి స్కోరు గొంతు లోపల కనిపించని కేసుల్లో సగానికి కాస్త పైన, 53 శాతం పట్టుకుంటోంది. 210 మంది పట్టిక మధ్య వరస ముందే చెప్పిన సంగతి. డెన్మార్క్ రికార్డుల మీద 2015 లో వచ్చిన అధ్యయనం ఇంకా నిర్మొహమాటం. గొట్టం వెయ్యడం కష్టమైన 3,391 కేసుల్లో 3,154 ముందు ఎవరూ ఊహించనివి, అంటే 93 శాతం.

మరి ఈ పరీక్ష ఎందుకు, తీసి పారెయ్యమంటారా అని ఒక మిత్రుడు అడిగాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంటుంది ఆ పని. ఖర్చు లేదు, సూది లేదు, పది సెకన్లు. మూడు, నాలుగు వస్తే జాగ్రత్త పెరుగుతుంది. తప్పు ఎక్కడంటే ఒకటి వచ్చిందని నిశ్చింతగా ఉండటంలో. అందుకే మంచి మత్తు డాక్టరు స్కోరు ఎంత వచ్చినా రెండో దారి, మూడో దారి ముందే సిద్ధం చేసుకుంటాడు. జాతకం చూసేవాడికీ వీళ్లకీ తేడా ఇదే అనుకుంటాను. జాతకాల్లో ఎంత శాతం తప్పాయో లెక్కగట్టి అచ్చేసిన జ్యోతిషుల పత్రిక నేను చూడలేదు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని, కిందటి నెల ఒక ఆదివారం సిద్ధగోరాలో మా ఇంటికి భోజనానికి వచ్చిన మా బావమరిది ముందు పెట్టాను. ముందు ఒక మాట చెప్పాను. "ఒరే, 1998 లో నువ్వు చెప్పింది నిజం. నేను కలన్నాను, తప్పు నాది." వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అమ్మ పిలిపించిన ఓఝా?" అన్నాడు. "వాడిదీ తప్పే. కాకపోతే వాడు నీకేదో జరిగిందని ఒప్పుకున్నాడు, నేను అదీ ఒప్పుకోలేదు" అన్నాను. మా ఆవిడ లోపలినుంచి నవ్వింది.

పోయిన గురువారం ఇద్దరం మత్తు పరీక్షకు వెళ్లాం. చిన్నవయసు డాక్టరమ్మ. "ముఁహ్ ఖోలియే, జీభ్ బాహర్" అంది. తొంగి చూసి రెండు అని రాసింది. ఆ స్కోరు మా తెలుగువాళ్లదమ్మా అన్నాను, ఆశ్చర్యపోయింది. పాత సంగతి అంతా విని, మావాడి చెప్పిన ప్రతి మాటా కాగితం మీద రాసుకుంది. నరం కొలిచే మిషను ఉందా అని అడిగాను. ఉంది, మొత్తం మీద ఒకటే ఉంది, ఆ రోజు మీ టేబులుకి పెట్టిస్తాను, 0.9 చూశాకే గొట్టం తీస్తాను అంది. రెండో తరగతి కదా, గొట్టం దారి కనిపించకపోతే ఏం చేస్తారని కూడా అడిగాను. కెమెరా ఉన్న లారింగోస్కోపు పక్కనే పెట్టుకుంటాను అని చూపించింది.

మావాడు తేదీకి ఒప్పుకున్నాడు. వచ్చే బుధవారం ఉదయం ఎనిమిదికి. మా అత్తగారు లేరు గానీ, ఉంటే ఒక కొబ్బరికాయ మొక్కేవారే. నేనేమీ అనేవాణ్ణి కాదు.